హఠాత్తుగా వచ్చిన నొప్పికి ఏ మాత్ర? ఓపియాయిడ్లను, మామూలు నొప్పి మందులను పోల్చి ఎంచుకునే పద్ధతి

జ్ఞానదంతం తీయించుకున్నవారు, చీలమండ బెణికినవారు, హెర్నియా ఆపరేషన్ చేయించుకుని ఇంటికి వచ్చినవారు మందుల చీటీ చేత్తో పట్టుకుని మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్న దాదాపు ఒకటే. చీటీలో ట్రామడాల్ కనిపిస్తే “ఇది మత్తు మందట కదా, వేసుకోవచ్చా?” అని అడుగుతారు. పారాసెటమాల్, ఇబుప్రోఫెన్ మాత్రమే ఉంటే “ఇంత నొప్పికి జ్వరం మాత్ర ఇచ్చి పంపారు, ఇంకా పవరున్నది రాయించుకోవద్దా?” అని అడుగుతారు. ఈ రెండో ప్రశ్న వెనక ఒక నమ్మకం ఉంది: ఏ మందు దొరకడం కష్టమో ఆ మందే నొప్పిని ఎక్కువగా తగ్గిస్తుందని. పంటి నొప్పి, బెణుకు, చిన్న ఆపరేషన్ల తర్వాతి నొప్పి, మూత్రపిండాల్లో రాయి వల్ల వచ్చే నొప్పి వంటి వాటిలో ఈ నమ్మకం నిజం కాదని పరీక్షల్లో తేలింది. అందుకే చీటీలో ఉన్న మందులను మీరే పోల్చి చూసుకుని, డాక్టరుతో తెలివిగా మాట్లాడి, సురక్షితంగా వాడుకోవడానికి వీలుగా ఈ పద్ధతిని క్రమంగా రాస్తున్నాను.

ఇది పెద్దవారికి, కొత్తగా వచ్చి కొద్ది రోజుల్లో తగ్గిపోయే నొప్పికి మాత్రమే వర్తిస్తుంది. పిల్లలకు మోతాదు బరువును బట్టి మారుతుంది కాబట్టి ఇక్కడి అంకెలను వారికి వాడకండి. క్యాన్సర్ నొప్పికి ఇది అసలే వర్తించదు. ఆ నొప్పికి మార్ఫిన్ సరైన మందు, హైదరాబాదులోని ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రి వంటి చోట్ల ఉపశమన వైద్య విభాగాలు దాన్ని పద్ధతిగా ఇస్తాయి. ఈ వ్యాసం చదివి అటువంటి రోగికి మార్ఫిన్ ఆపించవద్దని ప్రత్యేకంగా కోరుతున్నాను.

తెలుసుకోవలసిన కొంచెం

ఓపియాయిడ్లు నల్లమందు జాతికి చెందిన మందులు. ట్రామడాల్, టాపెంటడాల్, కోడీన్, మార్ఫిన్, ఆక్సికోడోన్, హైడ్రోకోడోన్ ఈ కోవలోకి వస్తాయి. ఇవి మెదడు, వెన్నుపాములపై పనిచేసి నొప్పి తెలియకుండా చేస్తాయి కానీ గాయం దగ్గరి వాపును తగ్గించవు. ఇబుప్రోఫెన్, డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్, నాప్రాక్సెన్, మెఫెనామిక్ యాసిడ్ వంటివి వాపు తగ్గించే నొప్పి మందులు, ఇవి గాయం దగ్గరే నొప్పి పుట్టించే రసాయనాలను అడ్డుకుంటాయి. పారాసెటమాల్ ఈ రెండింటిలోనూ చేరదు, అది వాపును పెద్దగా తగ్గించదు, మత్తునూ ఇవ్వదు. బెణుకులో, పంటి గాయంలో నొప్పికి మూలం వాపే కాబట్టి, ఆ మూలంపై పనిచేసే మందు అక్కడ మత్తుమందుకు తీసిపోదు.

దగ్గర ఉంచుకోవలసినవి

- మందుల చీటీ, ప్రస్తుతం మీరు వాడుతున్న అన్ని మందుల స్ట్రిప్పులు (బీపీ, షుగరు, రక్తం పలుచన చేసే మాత్రలు, నిద్రమాత్రలతో సహా)
- గత కొన్ని నెలల్లో చేయించుకున్న క్రియాటినిన్ (మూత్రపిండాల పనితీరు చెప్పే రక్తపరీక్ష) ఫలితం, ఉంటే
- ఒక కాగితం, పెన్ను, గడియారం
- ఐసు ముక్కలు, మెత్తని తువ్వాలు, క్రేప్ బ్యాండేజీ
- ఓపియాయిడ్ రాసి ఉంటే తాళం వేయగల పెట్టె, మొదటి రోజు పక్కన ఉండగల ఒక మనిషి

1. ఇది ఇంట్లో చూసుకునే నొప్పేనా అని ముందు తేల్చుకోండి

ఛాతీ మధ్యలో బరువుగా ఉండి చేతికో దవడకో పాకే నొప్పి, ఒక్కసారిగా విరుచుకుపడిన భరించలేని తలనొప్పి, ముట్టుకుంటే బల్లలా గట్టిపడిన పొట్ట, జ్వరంతో కూడిన కడుపునొప్పి, ఒక వైపు చెయ్యీ కాలూ పట్టు తప్పడం: వీటిలో ఏది ఉన్నా మాత్రల పోలిక పక్కన పెట్టి 108కి ఫోన్ చేయండి. సిమెంటు కట్టు వేసిన తర్వాత నొప్పి తగ్గకపోగా గంట గంటకూ పెరుగుతూ, వేళ్లు తిమ్మిరెక్కుతూ, చల్లబడుతూ, పాలిపోతూ ఉంటే కట్టు లోపల ఒత్తిడి పెరిగి రక్తప్రసరణ ఆగిపోతున్నదని అనుమానించాలి. అలాంటప్పుడు ఇంకా బలమైన మాత్ర వేసుకుని పడుకోవడం వల్ల చెయ్యో కాలో పోయే ప్రమాదం ఉంది, వెంటనే ఆసుపత్రికి వెళ్లి కట్టు విప్పించాలి.

ఒళ్లు నొప్పులతో పాటు జ్వరం కూడా ఉంటే, ముఖ్యంగా వానాకాలంలో, అది డెంగీ కాదని తేలేవరకు ఇబుప్రోఫెన్, డైక్లోఫెనాక్, ఆస్పిరిన్ ముట్టుకోవద్దు. డెంగీలో రక్తస్రావం భయం ఉంటుంది, ఆ మందులు దాన్ని పెంచుతాయి. పారాసెటమాల్ ఒక్కటే వాడాలి.

2. మీకు ఏది పనికిరాదో గుర్తించి కొట్టివేయండి

చాలామంది ఏది మంచిదో వెతుకుతారు కానీ, తనకు ఏది కూడదో ముందు తెలుసుకుంటే ఎంపిక సగం పూర్తయినట్లే.

వాపు తగ్గించే మందులు కూడనివారు: మూత్రపిండాల జబ్బు ఉన్నవారు, కడుపులో పుండు పడినవారు లేదా ఎప్పుడైనా కడుపులో రక్తస్రావమైనవారు, గుండెపోటు వచ్చినవారు, గుండె బలహీనత ఉన్నవారు, ఆస్పిరిన్ వంటి మాత్ర వేసుకున్నప్పుడు ఆయాసం వచ్చే ఉబ్బసం రోగులు, వార్ఫరిన్ వంటి రక్తం పలుచన చేసే మందు వాడేవారు, 20 వారాలు దాటిన గర్భిణులు. బీపీకి టెల్మిసార్టాన్, లోసార్టాన్, రామిప్రిల్ వంటి మాత్రలతో పాటు మూత్రం ఎక్కువగా పోయే మాత్ర కూడా వాడేవారు వీటికి ఇబుప్రోఫెన్ గానీ డైక్లోఫెనాక్ గానీ జోడిస్తే మూత్రపిండాలు అకస్మాత్తుగా దెబ్బతినవచ్చు. శ్రీకాకుళం జిల్లా ఉద్దానం వంటి, మూత్రపిండాల వ్యాధి ఎక్కువగా ఉన్న ప్రాంతాలవారు క్రియాటినిన్ చూపించుకోకుండా ఈ మందులు మొదలుపెట్టవద్దు. ఎండలో చెమటోడ్చి పనిచేసి, నీళ్లు సరిగా తాగకుండా, సాయంత్రానికి ఒళ్లు నొప్పులని డైక్లోఫెనాక్ వేసుకునే అలవాటు ఎక్కడున్నా మానుకోవలసిందే.

పారాసెటమాల్ విషయంలో జాగ్రత్త అవసరమైనవారు: కాలేయ వ్యాధి ఉన్నవారు, రోజూ మద్యం తాగేవారు, 50 కిలోల లోపు బరువున్నవారు, కొద్ది రోజులుగా సరిగా తినలేకపోతున్నవారు. వీరు రోజుకు 2 గ్రాములు దాటకుండా, డాక్టరు చెప్పిన మేరకే వాడాలి.

ఓపియాయిడ్లు కూడనివారు, లేదా చాలా జాగ్రత్తగా వాడవలసినవారు: గురక పెడుతూ నిద్రలో ఊపిరి ఆగే జబ్బు ఉన్నవారు, తీవ్రమైన ఊపిరితిత్తుల వ్యాధి ఉన్నవారు, అల్ప్రాజొలాం, క్లోనజెపాం వంటి మాత్రలు గానీ ప్రీగాబాలిన్, గాబాపెంటిన్ గానీ వాడేవారు, మద్యం తాగేవారు, ఏదైనా వ్యసనం నుంచి బయటపడినవారు, పాలిచ్చే తల్లులు. ఫిట్స్ వచ్చినవారికి, కుంగుబాటుకు ఎస్సిటలోప్రాం, సెర్ట్రాలిన్ వంటి మాత్రలు వాడేవారికి ట్రామడాల్ ప్రత్యేకంగా ప్రమాదకరం. 12 ఏళ్ల లోపు పిల్లలకు కోడీన్, ట్రామడాల్ ఇవ్వకూడదని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2017లో స్పష్టం చేసింది. కోడీన్‌ను శరీరం మార్ఫిన్‌గా మార్చుకునే వేగం మనిషిని బట్టి మారుతుంది, కొందరిలో అది ఊపిరి మందగించేంత వేగంగా జరుగుతుంది.

3. ప్రతి స్ట్రిప్పు తిప్పి, లోపల ఏముందో రాయండి

బ్రాండు పేరును నమ్మకండి. స్ట్రిప్పు వెనక చిన్న అక్షరాల్లో ఉన్న అసలు మందు పేరునూ మిల్లీగ్రాములనూ కాగితం మీద ఎక్కించండి. డోలో 650లో ఉన్నది 650 మి.గ్రా. పారాసెటమాల్. కాంబిఫ్లామ్‌లో 400 మి.గ్రా. ఇబుప్రోఫెన్, 325 మి.గ్రా. పారాసెటమాల్ ఉంటాయి. జెరోడాల్-పీలో 100 మి.గ్రా. ఎసిక్లోఫెనాక్, 325 మి.గ్రా. పారాసెటమాల్ ఉంటాయి. అల్ట్రాసెట్‌లో 37.5 మి.గ్రా. ట్రామడాల్, మళ్లీ 325 మి.గ్రా. పారాసెటమాల్ ఉంటాయి. వీటిలో మూడింటిని కలిపి వాడే మనిషి కడుపులోకి పారాసెటమాల్ మూడు దారుల్లో చేరుతుంది. అతనికి మాత్రం తాను మూడు వేర్వేరు మందులు వేసుకుంటున్నాననే అనిపిస్తుంది.

కాగితం మీద మూడు గడులు గీయండి: పారాసెటమాల్, వాపు మందు, ఓపియాయిడ్. ప్రతి మాత్రలోని భాగాలను వాటి గడిలో వేయండి. వాపు మందుల గడిలో రెండు పేర్లు పడితే ఒకటి తప్పనిసరిగా తీసేయాలి, ఏది తీయాలో డాక్టరును అడగండి. ఓపియాయిడ్ గడిలో రెండు పేర్లు పడితే ఆ రోజు ఏదీ వేసుకోకుండా ముందు ఫోన్ చేయండి.

ట్రామడాల్ స్ట్రిప్పుపై ఎర్ర అక్షరాల్లో ఎన్‌ఆర్‌ఎక్స్ అనే గుర్తు ఉంటుంది, 2018 ఏప్రిల్‌లో ఈ మందును మాదకద్రవ్యాల చట్టం పరిధిలోకి తెచ్చారు. చీటీ లేకుండా ఎవరైనా అమ్మితే అది మీకు చేసిన ఉపకారం కాదు.

4. మీ నొప్పి ఏ రకమో చూసి పోల్చండి

ఈ అడుగే అన్నింటికన్నా ముఖ్యం, అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

చేతులు, కాళ్లకు దెబ్బ తగిలి అత్యవసర విభాగానికి వచ్చిన 416 మందిపై న్యూయార్క్‌లోని బ్రాంక్స్‌లో చేసిన పరీక్ష ఫలితాలు 2017లో వచ్చాయి. కొందరికి 400 మి.గ్రా. ఇబుప్రోఫెన్, 1000 మి.గ్రా. పారాసెటమాల్ కలిపి ఇచ్చారు. మిగిలినవారికి ఆక్సికోడోన్, హైడ్రోకోడోన్, కోడీన్‌లలో ఒకదాన్ని పారాసెటమాల్‌తో కలిపి ఇచ్చారు. రెండు గంటల తర్వాత సున్నా నుంచి పది వరకు ఉన్న కొలమానంపై నొప్పి ఇబుప్రోఫెన్ జట్టులో 4.3, ఆక్సికోడోన్ జట్టులో 4.4, హైడ్రోకోడోన్ జట్టులో 3.5, కోడీన్ జట్టులో 3.9 పాయింట్లు తగ్గింది. అంటే చెప్పుకోదగిన తేడా లేదు. ఇది ఒక్క మోతాదు తర్వాత రెండు గంటల పరీక్ష మాత్రమే, వారం రోజుల సంగతి ఇది చెప్పదు. అయినా “ముందు బలమైనది ఇవ్వండి” అనే వాదనకు ఇది నేరుగా సమాధానం.

పన్ను తీయించుకున్నవారి విషయంలో సాక్ష్యం ఇంకా గట్టిగా ఉంది. ఎముకలో చిక్కుకున్న జ్ఞానదంతాలు తీసిన 1,800 మందికి పైగా రోగులపై అమెరికాలో చేసిన పరీక్షలో ఇబుప్రోఫెన్, పారాసెటమాల్ జోడీ హైడ్రోకోడోన్ మిశ్రమానికి ఎక్కడా తీసిపోలేదు. నొప్పి ఎక్కువగా ఉండే మొదటి పగలు, మొదటి రాత్రి ఆ జోడీయే మెరుగ్గా పనిచేసింది. ఆపరేషన్ తర్వాతి నొప్పికి ఒక్క మోతాదు ప్రభావాన్ని పోల్చిన సమీక్షల లెక్క ఇలా ఉంది: ఉత్తుత్తి మాత్ర (లోపల మందు లేని మాత్ర)తో పోలిస్తే అదనంగా ఒకరికి సగం నొప్పైనా తగ్గాలంటే 400 మి.గ్రా. ఇబుప్రోఫెన్ సుమారు ఇద్దరు ముగ్గురికి ఇస్తే చాలు, 60 మి.గ్రా. కోడీన్ మాత్రం ఒంటరిగా 12 మందికి ఇవ్వాలి.

కొత్తగా వచ్చిన నడుము నొప్పి, మెడ నొప్పి ఉన్న 347 మందిపై సిడ్నీలో జరిగిన పరీక్ష 2023లో వెలువడింది. ఆరు వారాలకు ఓపియాయిడ్ వాడినవారికీ ఉత్తుత్తి మాత్ర వాడినవారికీ నొప్పిలో తేడా కనిపించలేదు. నడుము పట్టేసిందని ట్రామడాల్ రాయించుకునే ముందు ఈ ఫలితాన్ని గుర్తుంచుకోండి.

మూత్రపిండంలో రాయి వల్ల వచ్చే నొప్పిని మెలితిప్పే నొప్పి అంటారు, దానికి మార్ఫిన్ తప్ప వేరే దిక్కు లేదనిపిస్తుంది. కానీ దోహాలో 1,600 మందికి పైగా రోగులపై చేసి 2016లో ప్రచురించిన పరీక్షలో డైక్లోఫెనాక్ ఇంజెక్షనే మార్ఫిన్ కంటే మెరుగ్గా పనిచేసింది. మూత్రపిండాలు బాగున్నవారికి, ఆసుపత్రిలో ఇచ్చే ఆ ఇంజెక్షన్ సరైనదే.

బెణుకు, కండరం పట్టడం వంటి వాటికి మాత్రకన్నా ముందు డైక్లోఫెనాక్ జెల్ రాయాలని అమెరికా వైద్య సంఘాలు 2020లో ఇచ్చిన మార్గదర్శకం చెబుతుంది. జెల్ నుంచి రక్తంలోకి చేరే మందు చాలా తక్కువ. ఇంత చక్కని మార్గాన్ని మనవాళ్లు “పైపూత ఏం చేస్తుందిలే” అని పక్కన పెడతారు.

ఓపియాయిడ్ నిజంగా అవసరమయ్యే సందర్భాలూ ఉన్నాయి: పెద్ద కాలిన గాయాలు, తొడ ఎముక వంటి పెద్ద ఎముకలు విరగడం, ఛాతీ, పొట్ట, మోకాలి మార్పిడి వంటి పెద్ద ఆపరేషన్ల తర్వాతి తొలి రోజులు, సికిల్ సెల్ రోగులకు వచ్చే నొప్పి దాడులు, వాపు మందులు బొత్తిగా కూడనివారికి పారాసెటమాల్ చాలకపోవడం. ఆసుపత్రిలో ఇటువంటప్పుడు మార్ఫిన్ గానీ ఫెంటనిల్ గానీ ఇస్తామంటే వ్యసనం భయంతో నిరాకరించకండి. నొప్పితో ఊపిరి గట్టిగా పీల్చలేక, దగ్గలేక, కదలలేక పడుకున్న రోగికి ఊపిరితిత్తుల్లో నెమ్ము, కాళ్లలో రక్తం గడ్డలు వచ్చే ముప్పు ఎక్కువ.

5. మామూలు మందులను గడియారం చూసి వేసుకోండి

రెండో అడుగులో మీకు అభ్యంతరమేదీ కనిపించకపోతే, డాక్టరు ఒప్పుకుంటే, మొదటి రెండు మూడు రోజులకు ఇలా వేసుకోవచ్చు: ఇబుప్రోఫెన్ 400 మి.గ్రా. ఎనిమిది గంటలకొకసారి, తిన్న తర్వాత. దానితో పాటు పారాసెటమాల్ 650 మి.గ్రా. ఆరు గంటలకొకసారి. రెండూ ఒకేసారి మింగినా ఇబ్బంది లేదు, అవి వేర్వేరు దారుల్లో పనిచేస్తాయి కాబట్టే జోడీగా ఫలితం పెరుగుతుంది. ఇబుప్రోఫెన్ ఇలా రోజుకు 1200 మి.గ్రా. అవుతుంది, డాక్టరు చెప్పకుండా అంతకు మించకండి. పారాసెటమాల్‌కు ఆరోగ్యవంతులైన పెద్దవారి గరిష్ఠ పరిమితి అన్ని మాత్రల్లోనూ కలిపి 4 గ్రాములు, ఇంట్లో సొంతంగా వాడేటప్పుడు 3 గ్రాముల దగ్గరే ఆగడం మంచిదని నా అభిప్రాయం.

నొప్పి వచ్చాక చూద్దామని ఆగితే మొదటి రోజు మందు ఎప్పుడూ నొప్పి వెనకే పరిగెడుతుంది. పంటికి ఇచ్చిన మత్తు వదలకముందే, డాక్టరు అనుమతితో, మొదటి మోతాదు వేసుకోండి. రాత్రి పడుకునే ముందు మోతాదును మానవద్దు.

వాపు మందు కూడనివారు పారాసెటమాల్‌తో పాటు, చర్మం తెగని చోట, జెల్ వాడవచ్చునేమో డాక్టరును అడగండి. గుండెకు చిన్న మోతాదు ఆస్పిరిన్ వాడేవారు ఇబుప్రోఫెన్ వేసుకునే వేళను డాక్టరుతో నిర్ణయించుకోవాలి, అది ఆస్పిరిన్ పనికి అడ్డు తగులుతుంది. మెఫెనామిక్ యాసిడ్ వాడేవారికి ఒంటిపై దద్దుర్లతో జ్వరం వస్తే మాత్ర వెంటనే ఆపి ఆసుపత్రికి వెళ్లాలి. ఈ ప్రతిచర్య గురించి భారత ఫార్మకోపియా కమిషన్ 2023 చివర్లో హెచ్చరించింది. నిమెసులైడ్‌ను 12 ఏళ్ల లోపువారికి మన దేశంలో 2011లోనే నిషేధించారు. ఇన్ని మంచి ప్రత్యామ్నాయాలుండగా పెద్దవారికైనా దాన్ని ఎంచుకోవలసిన అవసరం నాకు కనిపించదు.

6. మందు కాని సాయం తీసుకోండి

బెణికిన చోట ఐసును తువ్వాలులో చుట్టి 15 నుంచి 20 నిమిషాలు పెట్టండి, రోజులో కొన్నిసార్లు చేయండి. ఐసు నేరుగా చర్మానికి తగలకూడదు. క్రేప్ బ్యాండేజీ బిగిస్తే వేళ్ల రంగు మారకుండా చూసుకోండి. కాలిని గుండెకన్నా ఎత్తులో దిండుపై ఉంచండి. కొత్త దెబ్బపై వేడి కాపడం పెట్టడం, నూనె వేసి గట్టిగా రుద్దడం వాపును పెంచుతాయి. నడుము నొప్పికి మాత్రం వేడి కాపడం హాయినిస్తుంది, మంచానికి అతుక్కుపోకుండా మెల్లగా నడవడం ఇంకా మేలు. పొట్ట ఆపరేషన్ అయినవారు దగ్గేటప్పుడు దిండును కుట్లపై అదిమిపెట్టుకుంటే నొప్పి బాగా తగ్గుతుంది.

7. ఫలితాన్ని కొలవండి

మందు వేసుకునే ముందు సున్నా నుంచి పదిలో నొప్పి ఎంతో రాయండి. గంట నుంచి రెండు గంటల తర్వాత మళ్లీ రాయండి. అంకెకన్నా ముఖ్యం పని: లేచి బాత్రూముకు వెళ్లగలుగుతున్నారా, గట్టిగా ఊపిరి పీల్చగలుగుతున్నారా, నాలుగైదు గంటలు నిద్ర పట్టిందా, మెత్తని అన్నం నమలగలుగుతున్నారా? ఇవి జరుగుతుంటే మందు పనిచేస్తున్నట్లే. ఎనిమిది నాలుగుకు దిగితే అది మంచి ఫలితం. సున్నా కావాలని మోతాదు పెంచుకుంటూ పోవడం వల్లనే చాలా ప్రమాదాలు జరుగుతాయి. నొప్పి పూర్తిగా మాయం కావడం మొదటి రోజు లక్ష్యం కాదని మీకు మీరు ముందే చెప్పుకోండి.

రెండు మోతాదులు సరైన వేళకు వేసుకున్నా అంకె కదలకపోతే, పని కూడా జరగకపోతే, తర్వాతి అడుగుకు వెళ్లండి.

8. చాలకపోతే ఓపియాయిడ్ గురించి డాక్టరుతో మాట్లాడండి

మీ కాగితం చేత్తో పట్టుకుని ఫోన్ చేయండి. “ఏ మందు, ఏ వేళకు, ఎంత వేసుకున్నాను, నొప్పి ఎంత నుంచి ఎంతకు వచ్చింది” అని చెబితే డాక్టరు ముందుగా గాయం దగ్గర వేరే సమస్య ఉందేమో చూస్తారు. ఉదాహరణకు పన్ను తీసిన ఒకటి నుంచి మూడు రోజుల్లో నొప్పి కొత్తగా ఎగదన్ని, చెవి వైపు పాకి, నోటి నుంచి దుర్వాసన వస్తుంటే పంటి గుంటలోని రక్తపు గడ్డ ఊడిపోయి ఎముక బయటపడి ఉండవచ్చు. దానికి దంతవైద్యుడు ఆ గుంటను కడిగి మందు పెట్టాలి తప్ప, ఎంత ట్రామడాల్ మింగినా లాభం లేదు.

ఓపియాయిడ్ రాస్తే ఈ నాలుగు అడగండి: ఎన్ని రోజులకు, రోజుకు గరిష్ఠంగా ఎన్ని, ఇందులో పారాసెటమాల్ కలిసి ఉందా, నేను వాడే మిగతా మందులతో పడుతుందా? సాధారణ నొప్పికి మూడు రోజులు లేదా అంతకన్నా తక్కువ సరిపోతుంది, ఏడు రోజులకు మించి అవసరం కావడం అరుదు. రోజులు ఎందుకు లెక్కపెట్టాలంటే, అమెరికా రోగుల రికార్డులపై 2017లో వచ్చిన విశ్లేషణలో కనీసం ఒక రోజు ఓపియాయిడ్ అందుకున్నవారిలో 6 శాతం ఏడాది తర్వాత కూడా వాడుతుండగా, మొదటి విడతలోనే 8 రోజులు లేదా ఎక్కువ అందుకున్నవారిలో అది 13.5 శాతానికి, 31 రోజులు లేదా ఎక్కువ అందుకున్నవారిలో 29.9 శాతానికి చేరింది. అది వేరే దేశపు లెక్క అయినా, దిశ మాత్రం అందరికీ ఒకటే.

వేసుకునేటప్పుడు పారాసెటమాల్, ఇబుప్రోఫెన్‌లను మానకండి. అవి పునాదిగా ఉంటే ఓపియాయిడ్ తక్కువ సరిపోతుంది. ట్రామడాల్, పారాసెటమాల్ కలిసిన మాత్ర అయితే అందులోని పారాసెటమాల్‌ను రోజువారీ లెక్కలోంచి తగ్గించండి. మొదటి మోతాదు ఇంట్లో, పక్కన మనిషి ఉండగా వేసుకోండి. ఆ రోజుల్లో బండి నడపకండి, మద్యం ఒక్క చుక్క కూడా ముట్టుకోకండి, నిద్రమాత్ర వేసుకోకండి. వృద్ధులు రాత్రి ఒంటరిగా బాత్రూముకు వెళ్లకూడదు, తూలి పడి తుంటి విరగ్గొట్టుకోవడం అసలు నొప్పికన్నా పెద్ద ఆపద. మలబద్ధకం దాదాపు అందరికీ వస్తుంది, దానికి ఇసబ్‌గోల్ వంటి పీచు పొడి అంతగా పనిచేయదు కాబట్టి మొదటి రోజే విరేచనం మందు రాయించుకోండి.

పక్కనున్న మనిషికి ఇది చెప్పి ఉంచండి: పిలిచినా కదిపినా లేవకపోవడం, ఊపిరి చాలా నెమ్మదించడం, గురకలాంటి వింత శబ్దం, పెదవులు నీలంగా మారడం, కనుపాపలు గుండుసూది మొనలా చిన్నవైపోవడం, ఫిట్స్ రావడం. వీటిలో ఏది కనిపించినా రోగిని పక్కకు తిప్పి పడుకోబెట్టి 108కి ఫోన్ చేయాలి. నిద్రపోతున్నారులే అని వదిలేయకూడదు.

9. ఆపండి, మిగిలినవి ఇంట్లో ఉంచకండి

నొప్పి తగ్గుతున్న కొద్దీ ముందు ఓపియాయిడ్ ఆపాలి, తర్వాత వాపు మందు, చివరికి పారాసెటమాల్. మూడు నాలుగు రోజులే వాడినవారు ఓపియాయిడ్‌ను నేరుగా ఆపేయవచ్చు. వారాల తరబడి వాడినవారు మాత్రం డాక్టరు చెప్పినట్లు మెల్లగా తగ్గించాలి. ఆపితే చెమటలు, ఒళ్లు నొప్పులు, నిద్రలేమి, ఆందోళన వచ్చి మళ్లీ మాత్ర వేసుకోవాలనిపిస్తుంటే సిగ్గుపడకుండా డాక్టరుకు చెప్పండి, లేదా వ్యసన విముక్తి కోసం కేంద్ర ప్రభుత్వం నడిపే ఉచిత ఫోన్ నంబరు 14446కు చేయండి.

మిగిలిన ట్రామడాల్, టాపెంటడాల్ మాత్రలను డబ్బాలో దాచి ఉంచకండి. చెత్తబుట్టలో వేస్తే పిల్లలకో, వెతికేవారికో దొరుకుతాయి. కేంద్ర ఔషధ ప్రమాణాల నియంత్రణ సంస్థ 2025లో ఇచ్చిన సూచనల్లో టాయిలెట్లో వేసి నీళ్లు వదలవలసిన కొద్ది మందుల జాబితాలో ఈ రెండూ ఉన్నాయి. ఈ పద్ధతిని మిగతా మందులకు వర్తింపజేయకండి.

తరచుగా జరిగే పొరపాట్లు

పక్కింటివారి ఆపరేషన్‌లో మిగిలిన మాత్రలు వాడుకోవడం అన్నింటికన్నా ప్రమాదకరమైనది. వారి మూత్రపిండాలు, వారి బరువు, వారు వాడే మందులు మీవి కావు.

మాత్ర నెమ్మదిగా పనిచేస్తుందని ఆర్‌ఎంపీ దగ్గర సూది వేయించుకోవడం మరొకటి. మింగగలిగే మనిషికి డైక్లోఫెనాక్ సూది వల్ల కలిగే అదనపు లాభం స్వల్పం, పిరుదులో తప్పు చోట గుచ్చితే నరం దెబ్బతిని కాలు ఈడ్చే పరిస్థితి రావచ్చు, పైగా ఇంటికి వచ్చి అదే డైక్లోఫెనాక్ మాత్ర మళ్లీ మింగితే మోతాదు రెట్టింపవుతుంది.

ఖాళీ కడుపుతో వాపు మందు వేసుకోవడం, పక్కన గ్యాస్ మాత్ర ఉంది కదా అని వారాల తరబడి కొనసాగించడం కూడా తప్పే. గ్యాస్ మాత్ర కడుపును కొంత కాపాడుతుంది కానీ మూత్రపిండాన్నీ గుండెనూ కాపాడదు. విరేచనం తారులా నల్లగా వచ్చినా, మూత్రం బాగా తగ్గినా, ముఖమూ కాళ్లూ ఉబ్బినా మాత్ర ఆపి అదే రోజు డాక్టరును కలవండి. పారాసెటమాల్ మోతాదు మించిందని తెలిస్తే, ఒంట్లో ఏమీ తేడా లేకపోయినా ఆగకుండా ఆసుపత్రికి వెళ్లండి. కాలేయం దెబ్బతిన్న లక్షణాలు ఒకటి రెండు రోజుల తర్వాత గానీ బయటపడవు, విరుగుడు మందు మాత్రం ముందుగా ఇస్తేనే బాగా పనిచేస్తుంది.

అమెరికాకు, గల్ఫ్‌కు వెళ్లేవారికి

పిల్లల దగ్గరికి అమెరికా వెళ్లే తల్లిదండ్రులు సంచిలో డోలో తీసుకెళ్తారు. అక్కడ ఎసిటమినోఫెన్ అని రాసి ఉండే మందు పారాసెటమాలే. టైలెనాల్‌లోనూ, పర్కోసెట్, నార్కో వంటి ఓపియాయిడ్ మిశ్రమాల్లోనూ ఉన్నది అదే కాబట్టి డోలోతో కలిపి వేసుకోవద్దు. అక్కడి డాక్టరు ఓపియాయిడ్ రాస్తే, మోతాదు మించినప్పుడు ఊపిరిని నిలబెట్టే నాలోక్సోన్ ముక్కు స్ప్రేను కూడా ఇంట్లో ఉంచుకోండి, 2023 నుంచి దాన్ని చీటీ లేకుండా కొనుక్కోవచ్చు. ఓపియాయిడ్ కాని సుజెట్రిజిన్ అనే కొత్త మాత్రకు అక్కడ 2025 జనవరిలో అనుమతి వచ్చింది. పరీక్షల్లో అది ఉత్తుత్తి మాత్రకన్నా బాగా పనిచేసింది కానీ హైడ్రోకోడోన్ మిశ్రమాన్ని మించిందని తేలలేదు. గల్ఫ్ దేశాలకు వెళ్లేవారు ట్రామడాల్‌ను ముందస్తు అనుమతి లేకుండా తీసుకెళ్లవద్దు. యూఏఈ వంటి చోట్ల అది నియంత్రిత మందు, విమానాశ్రయంలో పట్టుబడితే కేసు అవుతుంది.

ఎన్నాళ్లకు తగ్గాలి, ఎప్పుడు మళ్లీ వెళ్లాలి

పన్ను తీసిన నొప్పి మొదటి మూడు రోజులు గట్టిగా ఉండి వారానికల్లా బాగా తగ్గాలి. బెణుకు రెండు మూడు రోజుల తర్వాత రోజురోజుకూ తేలికపడాలి, నాలుగు అడుగులు కూడా వేయలేకపోతే ఎక్స్‌రే తీయించాలి. ఆపరేషన్ గాయం నుంచి చీము, జ్వరం, కొత్తగా పెరిగే ఎరుపు కనిపిస్తే, లేదా ఒక పిక్క మాత్రమే వాచి నొప్పి పెడితే వెంటనే చూపించుకోవాలి. వాపు మందు అవసరం వారం దాటినా, ఓపియాయిడ్ అవసరం మూడు రోజులు దాటినా, అదే చీటీతో మళ్లీ కొనకుండా మీరు రాసుకున్న కాగితంతో డాక్టరు దగ్గరికే వెళ్లండి.